అలిగిన పేజీ

మా కాలేజీ కరస్పాండెంట్ సారుకు ఒక అలవాటు ఉంది. మాట్లాడుతున్నంతసేపూ తాళపుచెవుల గుత్తిని చూపుడువేలికి తగిలించి గిరగిరా తిప్పుతుంటాడు. ఎదుటివాళ్ళ మాట నచ్చకపోతే వేగం పెరుగుతుంది, నచ్చితే తగ్గుతుంది. జగిత్యాలలోని ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నా ముందు ఆ గుత్తి నెమ్మదించిన సందర్భాలు చాలా తక్కువ.

నేను పుట్టింది సిరిసిల్లలో. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. సాంచెల చప్పుడులో పెరిగిన మనిషికి మెల్లగా మాట్లాడటం రాదు. మా ఇంట్లో మెల్లగా అడిగితే అన్నం కూడా ఎవరూ వడ్డించేవారు కాదు. కోరుట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఓ పిల్లా, నువ్వు మాట్లాడుతున్నవా, ఒర్రుతున్నవా?" అని అడిగింది. మాట్లాడుతున్నానని చెప్పాను. అప్పటి నుంచి ఆమె కూడా నాతో ఒర్రుతూనే మాట్లాడుతుంది. మా ఇద్దరికీ బాగానే పడుతుంది. నా గొంతు పడనిది కరస్పాండెంట్ సారుకే.

ఆయన అచ్చేయించిన కరపత్రంలో "అత్యాధునిక ఏసీ కంప్యూటర్ ల్యాబ్" అని ఉంటుంది. అందులో ఏసీ అన్న మాట కంప్యూటర్ అన్న మాటకంటే లావుగా ఉంటుంది. నిజానికీ అంతే. ఆ గదిలో సక్రమంగా పనిచేసేది ఏసీ ఒక్కటే. కంప్యూటర్లు ఉన్నాయి, ఆన్ అవుతాయి కూడా. కానీ వాటిలో కొత్తది ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ అడుగుతాయి. ఆ పాస్‌వర్డ్ తెలిసిన పాత ల్యాబ్ ఇన్‌చార్జి ఉద్యోగం మానేసి బుగ్గారంలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే, "యాదికి లేదు మేడం, యాదికస్తే నేనే చేస్త" అన్నాడు. ఇప్పటికీ చేయలేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు, మొదటి ఏడాదంతా నేను పైథాన్‌ను నల్లబల్ల మీద చాక్‌పీసుతో చెప్పాను. పైథాన్ అంటే కంప్యూటర్‌కు పని పురమాయించే భాష. దాన్ని నల్లబల్ల మీద నేర్పడం ఈతను మంచం మీద నేర్పడం లాంటిది. పిల్లలు పాపం మంచం మీదే చేతులాడించారు.

తరువాతి ఏడాది నాకొక దారి దొరికింది. పైథాన్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించనక్కర లేదు. వెబ్ పేజీ ఒకటి తెరిస్తే చాలు, పైథాన్ మొత్తం ఆ పేజీ వెంట దిగి వచ్చి బ్రౌజర్‌లోనే కూర్చుంటుంది. ఆ తరువాత పేజీ మీదున్న బటన్‌ను, రాసే పెట్టెను, బొమ్మను దేన్నయినా పేరు పెట్టి పిలిచి పని చెప్పొచ్చు. ఈ బటన్ నొక్కితే ఆ పెట్టెలో ఈ మాట రావాలి అని రాస్తే, వస్తుంది. కాకపోతే దిగి రావడానికి కొంచెం సమయం తీసుకుంటుంది. తెర మధ్య గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, మనం వియ్యాలవారి కోసం గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడాలి. వచ్చాక మాత్రం చెప్పిన పని చేస్తుంది.

ఈ సంగతి చెప్పడానికి సంతోషంగా సారు గదికి వెళ్ళాను.

"అంటే ఇన్‌స్టాల్ చేసుడు అక్కర్లేదా?" అన్నాడు.

"అక్కర్లేదు సార్."

"పాస్‌వర్డ్?"

"అదీ అక్కర్లేదు."

తాళాల గుత్తి నెమ్మదించింది. "గిది మస్తున్నది మేడం. ఇంకా ఏమేం అక్కర్లేదో గవి గూడ జర సూడుండ్రి" అన్నాడు. ఆ మాటకు నవ్వి బయటికి వచ్చాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ ఏడాది మా పిల్లలు బటన్లు నొక్కి నొక్కి మురిసిపోయారు. అందరికంటే ముందు అందుకున్నది కోరుట్ల నుంచి రోజూ నాతోపాటే బస్సులో వచ్చే పిల్ల. వాళ్ళ నాన్నకు కోరుట్లలో పరుపులు కుట్టే దుకాణం ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట మనలాగే తెలుగు. ఇంటి మొత్తానికి ఒకటే ఫోన్. అది పొద్దున్నే వాళ్ళ నాన్న జేబులోకి ఎక్కి దుకాణానికి పోతుంది, ఎందుకంటే పరుపు కావాలనుకునేవాళ్ళు దానికే చేస్తారు. కాబట్టి ఆ పిల్ల చేతికి దొరికే కంప్యూటర్ మా ల్యాబ్‌లో కిటికీ పక్కనున్నది ఒక్కటే. చివరి ఏడాది సొంతంగా ఒక ప్రాజెక్టు చేసి పరీక్షించడానికి వచ్చిన సార్ల ముందు చూపించాలి. చూపించకపోతే డిగ్రీ రాదు. డిగ్రీ రాకపోతే ఆ పిల్ల మీద వాళ్ళింట్లో ఇంకో ఏడాది ఎవరూ పందెం కాయరు. ఈ మాట ఆమె నాతో ఏడుస్తూ చెప్పలేదు. బస్సులో బఠానీలు తింటూ చెప్పింది.

ఆమె చివరి ఏడాదిలోకి వచ్చాక, బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా, సారు నన్ను పిలిచాడు. గుత్తి గిర్రున తిరుగుతోంది.

"మేడం, కంప్యూటర్ గ్రూపు తీసేద్దామనుకుంటున్న. ఉన్న పిల్లలను కరీంనగర్ కాలేజీకి పంపుదాం. గా ల్యాబుల రీల్స్ స్టూడియో పెడ్త. లైట్లు, కెమెరా. ఇప్పుడు అడ్మిషన్లు రీల్స్ సూసే అస్తున్నయి."

"పిల్లల్ని కరీంనగర్ ఎవరు పంపుతారు సార్? సగం మంది ఇంట్లో కూర్చుంటారు."

"గట్ల ఒర్రకుండ్రి మేడం. ప్రెసిడెంటు సారు అస్తున్నడు. ఆయన సూసి ఉంచుమంటె ఉంచుత. తియ్యిమంటె తీస్త. మీరు ల్యాబుల ఏమన్న సూపిస్తరా, సూపియ్యుండ్రి. జర మన సంస్కృతి ఉండాలె."

ప్రెసిడెంటు సారంటే కాలేజీ నడిపే సొసైటీకి పెద్ద. హైదరాబాద్‌లో ఉంటాడు, ఏడాదికి ఒకసారి బతుకమ్మకు భార్యతో సహా వస్తాడు. మా పిల్లల చదువు ఆయన మధ్యాహ్నం ఒక పూట చూసేదాని మీద వేలాడుతోందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. మండినా చేయాల్సింది చేయాలి కదా. సంస్కృతి కావాలన్నాడు గనక బతుకమ్మ పేజీ చేద్దామని నేనూ ఆ పిల్లా అనుకున్నాం. పేజీ మీద తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు అని బటన్లు ఉంటాయి. ఏది నొక్కితే ఆ పూల వరుస పడుతుంది. చివరికి గుమ్మడి పువ్వు బటన్ నొక్కితే దాని మీద పసుపు గౌరమ్మ కూర్చుంటుంది.

మొదటిసారి అది తయారైనప్పుడు ఇంటికి వచ్చి నా ఫోన్‌లో తెరిచి అత్తమ్మకు ఇచ్చాను. ఆమె తంగేడు నొక్కింది, పచ్చటి వరుస పడింది. గునుగు నొక్కింది. ఆ వరుస తంగేడు కింద పడింది. బంతి దానికంటే కింద. వెబ్ పేజీ గుణమే అది, కొత్తగా వచ్చింది ఏదైనా అడుగున చేరుతుంది. బతుకమ్మ గుణం అది కాదు, అడుగు నుంచి పైకి లేస్తుంది. గుమ్మడి పువ్వు నొక్కేసరికి గౌరమ్మ పోయి అన్నిటికంటే అడుగున పడింది.

"ఓ యవ్వ! గౌరమ్మను తలకిందులు ఏలాడగట్టినవేంది పిల్లా? గీమె ఏం పాపం చేసింది?" అని అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వాగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బతుకమ్మ పేర్చినదాన్ని, బటన్ల ధ్యాసలో పడి గౌరమ్మను గబ్బిలం చేశాను. మర్నాడు ల్యాబ్‌లో ఒక్క మాట మార్చాం. కొత్త వరుసను చివర తగిలించమనే మాట తీసేసి, మొదట తగిలించమనే మాట పెట్టాం. బతుకమ్మ బుద్ధిగా పైకి లేచింది. అత్తమ్మ ఆ సాయంత్రం ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

ఇక ముహూర్తం. సారు ఆరో రోజు పెట్టాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తొమ్మిది రోజుల పండుగలో ఆరో రోజును మేం అర్రెం అంటాం. ఆ రోజు బతుకమ్మ అలుగుతుంది. ఎవరూ పువ్వు కోయరు, పేర్చరు, ఆడరు. ఎందుకలిగిందంటే ఇంటికో కథ చెబుతారు, అలిగిందనడంలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

"సార్, ఆ రోజు అర్రెం కదా" అన్నాను.

"అందుకే పెట్టిన మేడం. గా రోజు ఎవ్వలు ఆడరు. టెంటు ఖాళీ, మైకు ఖాళీ, ఆడోళ్ళు ఖాళీ. గంతకన్న మంచి రోజు ఏడ దొరుకుతది?"

"ఆ రోజు పువ్వు పేర్చరు సార్. వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

"నిజం బతుకమ్మ అలుగుతది మేడం. కంప్యూటర్ల బతుకమ్మ ఎందుకు అలుగుతది? దానికి కరెంటు ఉంటె సాలు."

ఈయన కూడా బతుకమ్మ ఆడే ఇంట్లోనే పుట్టాడు. తల్లి ఉంది, అక్కచెల్లెళ్ళు ఉన్నారు, పెళ్ళాం ఉంది. ఇంతమంది ఆడవాళ్ళు ఇన్నేళ్ళుగా ఆయన కళ్ళ ముందే ఆరో రోజు చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆయనకు అర్థమైంది టెంటు ఖాళీగా ఉంటుందన్న ఒక్క సంగతి.

ఆ రోజు వచ్చింది. ల్యాబ్‌లో గోడకు పెద్ద టీవీ బిగించి దానికి కంప్యూటర్ తగిలించాం. ఇంటర్నెట్ సారు ఫోన్ నుంచి. ప్రెసిడెంటు సారు, ఆయన భార్య ముందు వరుసలో కూర్చున్నారు. ఆమె పుట్టిల్లు రుద్రంగి. పెద్దావిడ, తెల్లగా నెరిసిన జుట్టు, మా కాలేజీ పిల్లల తల్లులతో అప్పటికే కబుర్లలో పడింది. తెర మీద గుండ్రం తిరుగుతుండగా సారు మైకు అందుకుని, దేశంలో ఎక్కడా లేని టెక్నాలజీ జగిత్యాలలో ఉందని, దాన్ని తానే దగ్గరుండి చేయించానని చెప్పాడు. తిరిగి తిరిగి గుండ్రమే విసిగిపోయింది, ఆయన విసగలేదు. పేజీ బొమ్మ కనిపించగానే, "అమ్మా, రాండ్రి, మీ చేతుల మీదుగ నొక్కుండ్రి" అని పిలిచాడు.

పెద్దావిడ లేచి వచ్చింది. చెయ్యి చాపింది. బటన్ మీద తంగేడు అన్న మాట చదివి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇయ్యాల ఏం రోజయ్యా?" అంది.

"గురువారం అమ్మా" అన్నాడు సారు.

"నేనడిగింది వారం గాదు. ఇయ్యాల అర్రెం. బతుకమ్మ అలిగిన నాడు పువ్వు ముడ్తరా ఎవరన్న?"

"గవి పువ్వులు గావమ్మా, బొమ్మలు."

"బొమ్మలైతె నన్నెందుకు పిలిచినవు? నువ్వే నొక్కుకో."

తెలివైనవాడైతే అక్కడ ఆగుతాడు. ఈయన నిజంగానే నొక్కాడు. పేజీ కనిపిస్తోంది గానీ పైథాన్ ఇంకా పూర్తిగా కుదురుకోలేదు, ఒక్క నిమిషం ఆగమని నేను నా గొంతుతో చెప్పినా వినలేదు. నొక్కితే ఏం రాలేదు. మళ్ళీ నొక్కాడు. కోపమొచ్చి కనిపించిన బటనల్లా టకటకా నొక్కాడు. ఆ నొక్కుళ్ళన్నీ లోపల పోగుపడి, పైథాన్ కుదురుకోగానే ఒక్కసారిగా బయటపడ్డాయి. తంగేడు మీద గుమ్మడి, గుమ్మడి మీద గౌరమ్మ, గౌరమ్మ నెత్తిన బంతి, మళ్ళీ గుమ్మడి, మళ్ళీ గౌరమ్మ. అలిగిన రోజు, పువ్వు ముట్టకూడని రోజు, తెర నిండా కలగాపులగం. తల్లుల్లో ఒకామె "అయ్యో అయ్యో, గిదేం అన్యాలమమ్మా" అని బుగ్గలు నొక్కుకుంది. పెద్దావిడ వెనుదిరిగింది. ప్రెసిడెంటు సారు గడియారం చూసుకుని, "స్టూడియో సంగతి చెప్పినవు గద, గదే మంచిగుంటదేమో" అన్నాడు.

అప్పుడు మా కోరుట్ల పిల్ల లేచింది. నన్ను అడగలేదు, ఎవర్నీ అడగలేదు. పోయి కీబోర్డు ముందు కూర్చుని నాలుగైదు వరుసలు రాసింది. ఇవాళ ఆరో రోజైతే పూలన్నీ తీసెయ్యి, బటన్లన్నీ మూసెయ్యి, తెర మీద ఈ మాట పెట్టు. అంతే. పేజీ మళ్ళీ తెరిచింది. గుండ్రం మళ్ళీ తిరిగింది. ఈసారి సారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బటన్లు బూడిదరంగుకు మారాయి. పూలు లేవు. నడిమధ్యలో అక్షరాలు వచ్చాయి: "ఇయ్యాల అర్రెం. బతుకమ్మ అలిగింది. రేపు రాండ్రి."

"అమ్మా, గిప్పుడు నొక్కుండ్రి" అంది పిల్ల.

"నొక్కితే ఏమైతది?"

"ఏం గాదు."

పెద్దావిడ అనుమానంగా ఒక వేలితో నొక్కింది. ఏం కాలేదు. ఇంకొకటి నొక్కింది. ఏం కాలేదు. ఆమె ముఖం నిండా నవ్వు వచ్చింది. "ఎంత నొక్కినా ఉల్కుతలేదు సూడు! బరాబర్ అలిగింది" అని భర్త వైపు తిరిగి, "మా ఇంట్ల మొగోళ్ళకు గూడ గింత ఎరుకలేదు. గీ ల్యాబు ఉండనీ, ఎవ్వరు ముట్టద్దు" అంది. ప్రెసిడెంటు సారు తలూపాడు. తల్లులు చప్పట్లు కొట్టారు. పిల్లకు సిగ్గేసి నా వెనక దాక్కుంది. నేనక్కడే ఆమెను వాటేసుకున్నాను. పని చేయనందుకు చప్పట్లు పడిన ప్రోగ్రామును నేను చూడటం అదే మొదటిసారి. మా కాలేజీలో పని చేయకుండా చప్పట్లు కొట్టించుకునే విద్య అప్పటిదాకా ఒక్క మనిషికే వచ్చు.

దసరా సెలవులు అయిపోయి తిరిగి వచ్చేసరికి ల్యాబ్ తలుపుకు తాళం వేసి ఉంది. కొత్త తాళం, అరచేయంత. పోయి అడిగాను.

"ల్యాబ్ ఏడికి పోయింది మేడం? ఆన్నే ఉన్నది గద. బోర్డు గూడ ఉన్నది. అమ్మగారు ఎవ్వరు ముట్టద్దన్నది, మీరు గూడ విన్నరు."

"పిల్లలు ప్రాజెక్టులు ఎక్కడ చేయాలి సార్?"

"ఫోన్ల జేసుకోమనుండ్రి. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు అని మీరే అన్నరు. బ్రౌజర్ల నడుస్తదన్నరు. బ్రౌజర్ ఫోన్ల ఉంటది. ఇగ కంప్యూటర్ ఎందుకు అక్కర?"

గుత్తి చాలా నెమ్మదిగా తిరుగుతోంది. నా మాటే ఉండచుట్టి నా నోట్లో కుక్కాడు.

ఫోన్లున్న పిల్లలు ఫోన్లలో కుస్తీ పట్టారు. మా పిల్లకు అదీ లేదు. నేను బస్సులో నా ఫోన్ ఇచ్చేదాన్ని. కోరుట్లలో ఎక్కినప్పటి నుంచి జగిత్యాలలో దిగేదాకా ఆమె బొటనవేళ్ళతో రాసేది. పైథాన్‌లో వరుస ముందు వదిలే ఖాళీకి కూడా అర్థం ఉంటుంది. బస్సు గుంతలో పడి ఎగిరితే ఖాళీ ఒకటి ఎక్కువ పడేది, రాసిందంతా చెడేది. మేడిపల్లి దాకా రాసింది మేడిపల్లి దాటాక సరిచేసుకోవడంతోనే సరిపోయేది. శీతాకాలం అలాగే గడిచింది. ఒకరోజు ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"మేడం, ఇడిసిపెడ్త. మా అబ్బ అంటున్నడు, సాలు బిడ్డా, దుకాణంల కూసో అని. దసరా నుంచి గీ బస్సు ఖర్చు గూడ దండుగే ఆయె."

దుకాణం ఎలా నడుస్తోందని అడిగాను.

"మంచిగనే నడుస్తున్నది. మన సారు గూడ మొన్న ఒక పరుపు కుట్టియ్యిమన్నడు. సన్నది, పొడుగుది. నీలి పూల బట్ట. ఎక్కడేసుకుంటడో మరి, గంత సన్న మంచం ఎవరింట్ల ఉంటది?"

కాలేజీకి పోయాక మధ్యాహ్నం మేమిద్దరం ల్యాబ్ ముందు నుంచి నడుస్తుంటే లోపల ఏసీ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. తాళం బయట లేదు. లోపలి నుంచి గడియ వేసి ఉంది. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా అక్కడి నుంచి నడిచాను, ఎందుకంటే నోరు తెరిస్తే నా గొంతు జగిత్యాల బస్టాండ్ దాకా వినబడేది.

ఇంటర్ పరీక్షలు దగ్గరపడగానే సారుకు వచ్చే ఏడాది అడ్మిషన్ల మీదికి మనసు మళ్ళింది. తల్లిదండ్రులను పిలిచి టెంటు కింద టీవీ పెట్టి, అందరి ముందు "మన టెక్నాలజీ" చూపించాలట. ఫోన్‌లో పేరు రాసి, గ్రూపు ఎంచుకుని, బటన్ నొక్కితే సీటు. "గా బతుకమ్మ లెక్క మంచిగ చెయ్యుండ్రి మేడం, బ్రౌజర్ల" అన్నాడు. దానికోసం నాకు ఒక్కదానికి, ఒక్క పూటకు ల్యాబ్ తెరిచాడు. వెళ్ళి చూస్తే కంప్యూటర్ బల్లల నడుమ సందులో, ఏసీకి సరిగ్గా ఎదురుగా, నీలి పూల పరుపు. పక్కన దిండు. కిటికీ పక్క కంప్యూటర్ కీబోర్డు మీద ఆయన కళ్ళజోడు డబ్బా. నాకు ఏడుపొచ్చింది. తరువాత చాలాసేపు కోపమొచ్చింది.

ఆ రాత్రి అన్నం దగ్గర అత్తమ్మకు అంతా చెప్పాను. తాళం తీయమని ఎన్నిసార్లు బతిమాలానో, ఎన్నిసార్లు అలిగి మాట్లాడకుండా తిరిగానో కూడా చెప్పాను.

"పిచ్చిదానా, సాటుకు అలిగితె ఎవలకు ఎరుక? ఇంట్ల అలిగితె అన్నం మిగులుతది, గంతే. అలిగితె నలుగురి ముంగట అలగాలె" అంది.

తల్లిదండ్రులు వచ్చారు. జగిత్యాల చుట్టుపక్కల నుంచే కాక చందుర్తి నుంచి కూడా వచ్చారు. మా పిల్ల, ఆమె నాన్న కూడా వచ్చారు, టీసీ తీసుకుపోవడానికి. సారు మైకులో దేశంలో ఎక్కడా లేని టెక్నాలజీ గురించి చెప్పి, టీవీ మీద పేజీ తెరిచి, ఒకామెను పిలిచి ఆమె బిడ్డ పేరు రాయించి బటన్ నొక్కమన్నాడు. ఆమె నొక్కింది. బటన్ ఉలకలేదు. బూడిదరంగులో అలాగే ఉంది. దాని పైన పెద్ద అక్షరాలు వచ్చాయి: "ఇయ్యాల అలిగిన."

"గిదేంది మేడం?" అన్నాడు సారు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"అలిగింది సార్" అన్నాను. నాకు మైకు అక్కర లేదు. సాంచెల దగ్గర పెరిగిన గొంతు అక్కరకొచ్చింది.

"ఇయ్యాల అర్రెం గాదు గద! ఎందుకలిగింది?"

"ల్యాబ్‌కు తాళం వేశారని సార్. తాళం తీస్తే మాట్లాడుతుందట."

టెంటు కింద నవ్వులు మొదలయ్యాయి. గుత్తి ఎంత వేగంగా తిరిగిందంటే చేతిలోంచి జారి కింద పడింది. బటన్ నొక్కిన తల్లి వంగి దాన్ని తీసి ఆయనకే ఇచ్చింది. "తాళం తియ్యుండ్రి సారూ. మా పిల్లకు గా కంప్యూటర్ గ్రూపే కావాలంటున్నది. మేం గూడ ఒకపారి సూస్తం" అంది. నలుగురైదుగురు లేచారు. ఆ తరువాత అందరూ లేచారు. ఆయన ముందు నడవాల్సి వచ్చింది.

తలుపు తీయగానే ఏసీ చల్లదనం బయటికి వచ్చింది. అందరూ తొంగి చూశారు. పరుపు అక్కడే ఉంది, నడుం ఒత్తిన గుంతతో సహా.

"పిల్లలకు పాణం బాగలేకపోతే పండుకోవటానికని..." అన్నాడు సారు.

మా పిల్ల నాన్న గుమ్మంలోనే చెప్పులు విడిచి లోపలికి పోయాడు. పరుపు అంచు పట్టుకుని కుట్టు చూశాడు. మడిచి, చుట్టి, కట్టి భుజానికెత్తుకున్నాడు. "సార్, గిది మీ ఇంటికి పంపుత" అని మర్యాదగా చెప్పాడు. తరువాత కూతురి వైపు తిరిగి, "నువ్వు కూసో బిడ్డా" అన్నాడు.

ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కళ్ళజోడు డబ్బా తీసి సారు చేతికి ఇచ్చింది. పేజీ తెరిచి అలక మాట తీసేసింది. బయట ఎవరో టీవీ మీద పేజీ మళ్ళీ తెరిచి, "బటన్ వెలిగింది!" అని కేకేశారు. సారు వెంటనే తేరుకుని, "సూసిండ్రా, మా పిల్లలే చేసిండ్రు" అని తల్లిదండ్రులకు చెప్పడం మొదలుపెట్టాడు. నేను తలుపుకు వేలాడుతున్న తాళాన్ని తీసి నా సంచిలో వేసుకున్నాను.

మా పిల్ల డిగ్రీ అయిపోయింది. ల్యాబ్ తెరిచే ఉంటుంది. సారు ఇప్పటికీ మాట్లాడినంతసేపూ గుత్తి తిప్పుతూనే ఉంటాడు, అందులో ఆ కొత్త తాళపుచెవి కూడా ఉంది. తాళం నా దగ్గరుంది.